తూము తాళం

మొదటిసారి నేనామెకు ఓటు వెయ్యలేదు.
ముందే చెప్పేస్తున్నాను, ఇంకెవరో చెబితే బాగుండదు.
సరిహద్దు దళంలో మేజరుగా చేసిందట,
కుడికాలు కాస్త ఈడుస్తుంది,
మందుపాతర తినగా మిగిలిన కాలు.
"తుపాకి పట్టిన చెయ్యి పార పడుతుందా?" అని
టీ దుకాణంలో అన్నది నేనే.
నలుగురూ నవ్వారు. నాకు గర్వంగా కూడా అనిపించింది.

కోక్-బులాక్ కాలవకు నీరటిని నేను.
ముప్పై ఒక్క ఏళ్లుగా తూము తాళం
నా మొలకే వేలాడుతోంది.
పైన మంచు కరిగితేనే మాకు కాలవ,
కాలవ పారితేనే ఆప్రికాట్ పిందె నిలుస్తుంది.
అవతలి ఒడ్డు వాళ్లదీ అదే నీరు, అదే పిందె.
వాళ్ల మాట మాకు రాదు,
గొంతెండినప్పుడు దగ్గు మాత్రం ఇద్దరిదీ ఒకటే.

ఆ ఏప్రిల్లో ముందు తిట్లు దాటాయి వంతెన,
తిట్ల వెనక రాళ్లు,
రాళ్ల వెనక ఎవరిదో ట్రాక్టరు తగలబడింది.
జిల్లా కేంద్రం నుంచి జీపొచ్చింది.
దిగింది కనికెయ్, ఒక్కతే.
"యూనిఫాం ఏది మేజర్?" అని అరిచారు కుర్రాళ్లు.
"పెట్టెలో ఉంది, చిమ్మటలు కాపలా కాస్తున్నాయి."

నా ముందుకొచ్చి చెయ్యి చాపింది.
తాళం ఇచ్చాను. నా చెయ్యి వణికింది.
ఆమెదీ వణికింది, చూశాను.
ఆ చేత్తోనే చంకలో రొట్టె సర్దుకుని
మూడు పలకలు ఊడిన వంతెన మీద
ఈడ్చుకుంటూ, ఆగుతూ, ఈడ్చుకుంటూ వెళ్లింది.
అవతల వాళ్ల నీరటి మీర్జోషరీఫ్
పార భుజం మీంచి దించలేదు చాలాసేపు.
తర్వాత ఇద్దరూ కాలవగట్టు మీద కూచుని
రొట్టె తుంచుకున్నారు.
ఏం మాట్లాడుకున్నారో గాలికి మాకు వినబడలేదు.

పగలు మాకు, రాత్రి వాళ్లకు.
అదీ ఒప్పందం.
అమ్ముడుపోయింది అన్నాం.
జీపు అద్దం మీద బురద కొట్టాం,
అందులో ఒక పిడికెడు నాది.
మర్నాడు సొంత తమ్ముడి తోటలో
దొంగ పంపు గొట్టం ఆమే కోసింది,
తమ్ముడి పెళ్లాం శాపనార్థాలు పెడుతుంటే
రంపం ఆపకుండా "కానీ వదినా" అన్నదట.
ఆ వారం ఆమె ఇంటికి పాలు పొయ్యలేదెవరూ.

కొండంత మాట చెప్పి
ఎలుకంత పని చేసే వాళ్లను చాలామందిని మోశాను,
పూలదండలతో సహా.
కానీ శరత్తులో జరిగిన సభ నాకింకా నిద్రలో వస్తుంది.
బురుల్ లేచి అడిగింది,
"మంచుతుఫానులో నా కొడుకుని ఆ గుట్ట మీదికి
పంపిందెవరు?"
పదకొండేళ్ల నాటి ప్రశ్న.
పదకొండేళ్లుగా జవాబొకటే: పైనుంచి ఆర్డరు.

కనికెయ్ మైకు పక్కకు జరిపింది.
"నేను పంపాను.
రెండు గంటల్లో గాలి తగ్గుతుందనుకున్నాను, తప్పు లెక్క.
అతని పేరు ఎమిల్బెక్. ఎడమచేతి వాటం.
గ్లవ్స్ ఒకటి చిరిగిందని చెప్పాడు నాకు,
వచ్చాక ఇస్తానన్నాను."

సభలో ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు.

బురుల్ క్షమించలేదు. ఇప్పటికీ పలకరించదు.
ఓటు మాత్రం ఆమెకే వేసిందట.
"నా బిడ్డ గ్లవ్స్ గుర్తున్న మనిషి
నా వంతు నీళ్లు మర్చిపోదు" అన్నదట.

శౌర్యమంటే ఏమిటో నాకు తెలీదు.
పతకాలు చూడలేదు, అడిగితే చూపించదు.
నిలువెత్తు బొమ్మ గీయిస్తామని బడి వాళ్లు వెళితే
ఆ రంగుతో వంతెన కమ్మీలకు పూత వేయించమందని,
అప్పటికింకా పలకలు వెయ్యలేదని
గుర్తు చేసి మరీ పంపిందని చెప్పుకుంటారు.

తాళం తిరిగి నా చేతికిచ్చిన రోజు
దాని పళ్ల మధ్య రొట్టె తునక ఇరుక్కుని ఉంది.
గోటితో తీసి పిచ్చుకలకు వేశాను.
రెండోసారి ఓటు ఎవరికేశానో
ఇక చెప్పక్కర్లేదు.

ఈ రాత్రి నీరు వాళ్లది.
తెల్లారి నాలుగింటికి తూము తిప్పాలి.
దీపం తగ్గించండి, పడుకుంటాను.